స్వరకర్త గుర్తులు, సంపాదకుడి గుర్తులు: వయొలిన్ ముద్రణల వివాదం వెనుక కథ

వయొలిన్ విద్యార్థి ఒక కన్సర్టో (వాద్యబృందం తోడుగా ఒక వాద్యం ప్రధానంగా వాయించే కృతి) స్వరలిపి కొనబోతే ముందుగా తేల్చుకోవలసింది ఏ ముద్రణ కొనాలన్నది. ఒక ప్రచురణలో ఆరు స్వరాలను కలుపుతూ ఒకే స్లర్ గీత (కమానును ఒకే లాగుడులో వాయించాలని చెప్పే వంపు గీత) ఉంటుంది. మరో ప్రచురణలో అవే స్వరాలు రెండేసిగా విడిపోయి, పైనున్న వేళ్ల అంకెలు (ఏ స్వరానికి ఏ వేలు వాడాలో చెప్పేవి) కూడా మారిపోయి ఉంటాయి. వీటిలో స్వరకర్త రాసిందెంత, తర్వాతి వాద్యకారుడు చేర్చిందెంత అన్న తగవుకు దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది.

1843లో స్వరకర్త మెండెల్సన్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీత విద్యాలయం నెలకొల్పినప్పుడు అక్కడ వయొలిన్ బోధించినవాడు ఫెర్డినాండ్ డేవిడ్. స్వరకర్త బాఖ్ 1720లో స్వహస్తంతో శుద్ధప్రతి రాసుకున్న, ఒక్క వయొలిన్‌తోనే వాయించే సొనాటాలు, పార్టిటాలు అనే బహుభాగ కృతులకు వేళ్ల అంకెలూ కమాను గుర్తులూ చేర్చి డేవిడ్ 1843లోనే విద్యార్థుల కోసం ప్రచురించాడు. అయితే తన పాఠం (గుర్తులు చేర్చిన రూపం) కిందనే చిన్న అచ్చులో బాఖ్ పాఠాన్ని కూడా వేరే వరుసగా ఇచ్చాడు. గుర్తులు తామే పెట్టుకోదలచినవారు దాన్ని చూసుకోవచ్చు. తర్వాత వచ్చిన చాలా ముద్రణల్లో ఈ రెండో వరుస కనిపించదు. అసలు చిక్కు మొదలైంది అక్కడే.

దీనికి వ్యాపార కారణమూ ఉంది. 1867 నవంబరులో జర్మన్ రాజ్యాలలో, అంతకు 30 ఏళ్ల ముందే మరణించిన రచయితల, స్వరకర్తల కృతులపై ప్రచురణ హక్కులు తొలగిపోయాయి. మొజార్ట్, బీతోవెన్‌లతోపాటు అభ్యాసాలకు పేరుపడ్డ వయొలిన్ వాద్యకారులు రోడ్, క్రాయిట్‌సర్ కూడా ఆ పరిధిలోకే వచ్చారు. పీటర్స్ అనే ప్రచురణ సంస్థ అదే ఏడాది చౌక సంపుటాలు మొదలుపెట్టి, హక్కులు లేని కృతులకు లేత ఆకుపచ్చ అట్ట, హక్కులున్నవాటికి గులాబీరంగు అట్ట వేసింది. ఎవరైనా అచ్చువేయగల కృతిని తమదిగా అమ్ముకోవాలంటే పేరున్న వాద్యకారుడి గుర్తులే ప్రచురణకర్తకు మిగిలిన సరుకు.

ఆ గుర్తులు ఎంత దూరం పోగలవో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ వయొలిన్ కన్సర్టో చూపుతుంది. మొదట అంకితం అందుకుని కూడా దాన్ని వాయించడానికి వయొలిన్ వాద్యకారుడు, గురువు లియొపోల్డ్ ఆవర్ ముందుకు రాలేదు. 1881లో వియన్నాలో తొలిసారి వాయించినవాడు మరో వయొలిన్ వాద్యకారుడు బ్రాడ్‌స్కీ. తర్వాత ఆవర్ సోలో భాగాన్ని (ప్రధాన వయొలిన్ వాయించే భాగాన్ని) మార్చి, చివరి అంకంలో కొన్ని చోట్ల కోతలు పెట్టి తయారుచేసిన పాఠం శిష్యపరంపరలో చాలాకాలం చెలామణి అయింది.

దీనికి విరుగుడుగా వచ్చినదే ఉర్‌టెక్స్ట్, అంటే లిఖిత ప్రతులనూ తొలి ముద్రణలనూ పోల్చి స్వరకర్త పాఠాన్ని నిర్ధారించే పద్ధతి. 1948లో మొదలైన హెన్లే ప్రచురణ సంస్థ ఈ పేరునే తన గుర్తింపుగా మలచుకుంది; 1950ల నుంచి మరో ప్రచురణ సంస్థ బేరెన్‌రైటర్ బాఖ్, మొజార్ట్‌ల కొత్త సమగ్ర సంపుటాలు తెచ్చింది. కానీ మూలపాఠం ఎప్పుడూ ఒక్కటే ఉంటుందన్న నమ్మకం బీతోవెన్ వయొలిన్ కన్సర్టో దగ్గర నిలవదు. ఆయన చేతిరాత ప్రతిలో పుటల అడుగున ఖాళీగా మిగిలిన వరుసల్లో సోలో భాగానికి ప్రత్యామ్నాయాలు రాసి ఉన్నాయి. 1808లో వియన్నాలో అచ్చయిన పాఠం వాటిలో కొన్నింటిని తీసుకుంది, మరికొన్ని చోట్ల ఆ ప్రతిలో ఎక్కడా లేనివి ఇచ్చింది. ఉర్‌టెక్స్ట్ అట్ట వేసుకున్నా సంపాదకుడు ఎంచుకోక తప్పదు.

హెన్లే చాలా కృతులకు గుర్తులు లేని వయొలిన్ ప్రతి ఒకటి, వేళ్ల అంకెలతో మరొకటి కలిపి ఇస్తుంది. డేవిడ్ ఒకే పుటలో చేసిన పనిని ఇది రెండు ప్రతులుగా చేసిందనవచ్చు.

2006లో ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే ఉచిత స్వరలిపి భాండాగారం వచ్చాక తగవు మళ్లీ తలెత్తింది. హక్కులు ముగిసినవే అక్కడ ప్రధానంగా దొరుకుతాయి కనుక, అట్ట చూడకుండా దింపుకున్న విద్యార్థి 19వ శతాబ్దపు సంపాదకుడి స్లర్‌లను బీతోవెన్‌వనుకుని సాధన చేస్తాడు. మరోపక్క పరిశోధకులు ఆ పాత ముద్రణలనే ఏరికోరి వెతుకుతున్నారు. రెండు స్వరాలకూ వరుసగా ఒకే వేలి అంకె వేసి ఉంటే, ఆ కాలపు వాద్యకారులు అక్కడ వేలిని తీగపై జార్చి వినిపించేవారనడానికి అది సాక్ష్యం.