‘లైసెన్స్ లేదు’కీ ‘వెంట లేదు’కీ తేడా నాలుగున్నర వేలు

కూడలిలో బండి ఆపి కానిస్టేబుల్ “లైసెన్స్?” అని చెయ్యి చాపుతాడు. జేబులన్నీ తడుముకున్నాక మన నోట్లోంచి వచ్చే మాట ఒకటే: “లేదు సార్.” ఈ మాటకి తెలుగులో రెండు అర్థాలు. అసలు తీసుకోలేదని ఒకటి, ఇంట్లో మరిచిపోయి వచ్చానని ఇంకొకటి. చట్టం ఈ రెండింటినీ ఎప్పుడూ ఒకే గాటన కట్టలేదు. కట్టింది రోడ్డు మీదే.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అందులో 3వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేనివాడు పబ్లిక్ రోడ్డు మీద బండి నడపకూడదు. నడిపితే 181వ సెక్షన్ కింద శిక్ష. మొదట్లో అది మూడు నెలల వరకూ జైలు, లేదా 500 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1 నుంచి జరిమానా 5,000 అయింది. లైసెన్స్ ఉండి చూపించలేకపోవడం వేరే లెక్క. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలని 130వ సెక్షన్ చెబుతుంది. చూపించకపోతే ఏమిటన్నది అక్కడ లేదు కాబట్టి, విడిగా శిక్ష రాయని తప్పులన్నింటినీ పోగేసిన 177వ సెక్షన్ కిందికి వస్తుంది. అది మొదటిసారికి 100 రూపాయల వరకూ ఉండేది, 2019 సవరణతో 500 దాకా పెరిగింది. అంటే ‘వెంట’ అనే చిన్న మాట మింగేస్తే నాలుగున్నర వేలు తేడా.

ఈ తేడా ఈనాటిది కాదు. మన దేశంలో మోటారు వాహనాలకి 1914లోనే చట్టం వచ్చింది. దాని స్థానంలో 1939లో వచ్చిన చట్టం ఈ విషయంలో ఆశ్చర్యం కలిగించేంత మర్యాదగా ఉంటుంది. అడిగిన క్షణాన లైసెన్స్ దగ్గర లేకపోతే, కొన్ని రోజుల గడువులోపు నువ్వు చెప్పిన పోలీస్ స్టేషన్‌లోనే చూపించవచ్చు, అలా చూపిస్తే చట్టాన్ని పాటించినట్టే అని 86వ సెక్షన్‌లో రాశారు. ఏ స్టేషన్ అన్నది కూడా మన ఇష్టమే. అప్పుడు సొంత కార్లు ఎవరికి ఉండేవో గుర్తుచేసుకుంటే ఈ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. జమీందార్లు, దొరలు, పెద్ద ప్లీడర్లు. ఆ వెంటనే ఒక షరతు కూడా పెట్టారు: జీతానికి బండి నడిపే డ్రైవర్లకి, లారీలూ బస్సులూ నడిపేవాళ్లకి ఈ వెసులుబాటు మామూలుగా వర్తించదు. యజమాని మరిచిపోతే మతిమరుపు, డ్రైవర్ మరిచిపోతే నేరం అన్నమాట.

1988 చట్టంలో లైసెన్స్‌కి ఆ గడువు తీసేశారు. పోలీసులో ఇంకెవరైనా అధికారులో ముందే లైసెన్స్ తీసుకుని ఉంటే, వాళ్లిచ్చిన రసీదు చూపించవచ్చన్న మినహాయింపు మాత్రం ఉంచారు. అయితే మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధన గడువుని ఇంకో దారిలో తెచ్చింది. కాగితాలు దగ్గర లేకపోతే, ఎవరైనా పోలీసు అధికారి గానీ వేరే అధికారి గానీ అటెస్ట్ చేసిన నకళ్లు స్వయంగా చూపించాలి, లేదా 15 రోజుల్లోపు అడిగిన అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఇందులో పాత షరతు లేదు, డ్రైవరైనా యజమానైనా ఒకటే. పనికొచ్చే నిబంధనే. కానీ నడిరోడ్డు మీద దీని గురించి మాట్లాడినవాళ్లని నేను చూడలేదు. జనం కనిపెట్టుకున్న దారి జిరాక్స్. స్కూటర్ డిక్కీలో పాలిథిన్ కవర్, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, రెండు వానలు పడేసరికి కవర్‌కే అంటుకుపోయిన ఇంకు. అటెస్టేషన్ లేని ఆ కాగితాన్ని చూసి వదిలేస్తే అది ఆ కానిస్టేబుల్ దయ, మన హక్కు కాదు.

ఫోన్లు వచ్చాక కథ మారింది. 2015 జులైలో కేంద్రం, పత్రాల్ని ఫోన్లో దాచుకునే డిజిలాకర్ తెచ్చింది. 2016లో తెలంగాణ రవాణా శాఖ ఆర్టీఏ ఎం-వాలెట్ యాప్ పెట్టింది. యాప్‌లు వచ్చాయి గానీ, వాటిని చూపిస్తే ఒప్పుకోవడం లేదని ఫిర్యాదులు పోయాయి. దాంతో 2018 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ, డిజిలాకర్‌లో గానీ, కేంద్ర రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో గానీ ఉన్న లైసెన్స్‌ని అసలుతో సమానంగా చూడాలని రాష్ట్రాలకి రాసింది. అదే ఏడాది నవంబర్‌లో 139వ నిబంధననే సవరించి ఎలక్ట్రానిక్ రూపం కూడా చెల్లుతుందని చేర్చారు. 2020 అక్టోబర్ 1 నుంచి, ఆన్‌లైన్‌లో సరిచూసుకున్న పత్రాల్ని మళ్లీ కాగితం రూపంలో అడగకూడదన్న మాట కూడా వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. ఓ జంక్షన్‌లో ఆపితే ఫోన్ గ్యాలరీలో ఉన్న లైసెన్స్ ఫొటో ధీమాగా చూపించాను. ఆయన నవ్వి, “మా ఆవిడ ఫొటో నా ఫోన్లో ఉంది. ఆవిడ నా వెంట ఉన్నట్టా?” అన్నాడు. మాట కరెక్టే. నిబంధన ఒప్పుకున్నది ప్రభుత్వ డేటాబేస్‌లోంచి యాప్‌లోకి వచ్చిన పత్రాన్ని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని కాదు.

ఈ గొడవంతా దేశానికి ఒక్కసారిగా తెలిసింది 2019 సెప్టెంబర్ మొదటి వారంలో. కొత్త జరిమానాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే గురుగ్రామ్‌లో ఓ స్కూటర్ మనిషికి 23,000 రూపాయల చలానా పడింది. లైసెన్స్‌కి 5,000, ఆర్‌సీకి 5,000, ఇన్సూరెన్స్‌కి 2,000, పొల్యూషన్‌కి 10,000, హెల్మెట్‌కి 1,000. ఆ పాత స్కూటర్ అమ్మినా 15,000 రాదని ఆయన వాపోయాడు. కాగితాలు ఇంట్లో ఉన్నాయన్నాడు. ఆయన చెప్పిందే నిజమైతే అక్కడ రాయాల్సింది ‘లేదు’ కాదు, ‘వెంట లేదు’. 139వ నిబంధనలోని 15 రోజుల సంగతి వాట్సాప్‌లో చక్కర్లు కొట్టింది అప్పుడే. ముప్పై ఏళ్లుగా ఉన్న నిబంధనని జనం కొత్తగా వచ్చిన వరంలా పంచుకున్నారు. అక్కడికక్కడ కట్టించుకునే జరిమానా ఎంతో నిర్ణయించే అధికారం 200వ సెక్షన్ కింద రాష్ట్రాలది కాబట్టి, గుజరాత్ వంటివి ఆ నెలలోనే కొన్ని రేట్లు తగ్గించుకున్నాయి.

2019 సవరణలో అంతగా చర్చకు రాని మార్పు ఇంకొకటి ఉంది. అంతకుముందు లైసెన్స్ గడువు తీరాక కూడా 30 రోజులు చెల్లేది. దాన్ని తీసేశారు. రెన్యువల్ మరిచిపోయి బండి తీస్తే, కార్డు జేబులోనే ఉన్నా చట్టం దృష్టిలో మీరు ‘లేదు’ వైపే.

యాక్సిడెంట్ జరిగినప్పుడు ఈ తేడా లక్షల్లోకి వెళ్తుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో చూసేది ఆ రోజున చెల్లే లైసెన్స్ ఉందా అని, జేబులో ఉందా అని కాదు. అసలు లైసెన్స్ లేనప్పుడు కూడా దెబ్బతిన్నవాళ్లని గాలికి వదిలేయకుండా, తగిన కేసుల్లో ముందు కంపెనీ పరిహారం కట్టి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన దగ్గర ఇంకో చిక్కుండేది. తెలంగాణ చాలా ఏళ్లు బండ్ల, లైసెన్సుల వివరాలకి కేంద్రం నడిపే వాహన్, సారథి డేటాబేసుల్లో కలవకుండా సొంత సిస్టమ్‌తో నడిచింది. హైదరాబాద్‌లో పనిచేసే యాప్, సరిహద్దు దాటాక అక్కడి పోలీసుకి తెలియని యాప్.

అందుకే హైవే మీద ఏ లారీ డ్రైవర్‌నైనా కాగితాలు అడిగి చూడండి. ఫోన్ తీయడు. క్యాబిన్‌లో పైన దోపిన ప్లాస్టిక్ ఫైలు లాగుతాడు, అందులో అన్నీ ఒరిజినల్సే. డిజిలాకర్ లేదా అంటే, ఆధార్‌కి ఇచ్చిన నంబర్ పాత సిమ్‌దని, ఓటీపీ ఇంటి దగ్గర ఫోన్‌కి పోతుందని చెబుతాడు.