ఒక ఆడిషన్ వెనక ముప్పై ఆరేళ్లు

2019 ఏప్రిల్‌లో అమెరికన్ నటి, రచయిత్రి మిండీ కేలింగ్ ట్విట్టర్‌లో ఒక ప్రకటన పెట్టింది. నెట్‌ఫ్లిక్స్ కోసం తీస్తున్న కొత్త సిరీస్ ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’లో హీరోయిన్‌గా నటించడానికి దక్షిణాసియా మూలాలున్న అమ్మాయి కావాలి, అనుభవం అక్కర్లేదు, ఎవరైనా వీడియో పంపవచ్చు. కెనడాలో టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో పన్నెండో తరగతి చివర్లో ఉన్న మైత్రేయి రామకృష్ణన్‌కు ఈ సంగతి ఒక స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఇద్దరూ కలిసి దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, మైత్రేయి వాళ్లమ్మ కెమెరాతో ఆడిషన్ తీసి పంపారు. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. ఏజెంటు లేడు. స్కూల్ నాటకాలు తప్ప కెమెరా ముందు పనిచేసిన అనుభవం లేదు. దాదాపు 15,000 మంది వీడియోలు పంపితే, మరికొన్ని వీడియోలు అడిగి, లాస్ ఏంజెలెస్‌లో స్క్రీన్ టెస్ట్ చేసి, చివరికి ఆమెనే తీసుకున్నారు.

అప్పట్లో పత్రికలు దీన్ని ఎక్కువగా అదృష్టం కథలాగే రాశాయి. ఆమె ప్రతిభ కాదనలేనిది, అదృష్టం కూడా కలిసొచ్చింది. కానీ ఆ అమ్మాయి మిస్సిసాగాలో ఎందుకు పుట్టింది, అలాంటి ప్రకటన 2019లో మాత్రమే ఎందుకు వచ్చింది అని అడిగితే, సమాధానం కోసం 1983 దాకా, ఇంకాస్త వెనక్కి కూడా వెళ్లాలి. ఆ చరిత్ర తెలియకుండా ఆమె కెరీర్ గురించి చెప్పేది సగమే అవుతుందని నా అభిప్రాయం.

మైత్రేయి తల్లిదండ్రులు శ్రీలంక తమిళులు. అంతర్యుద్ధం వల్ల దేశం వదిలి కెనడాకు శరణార్థులుగా వచ్చారు. ఆ యుద్ధానికి బీజాలు చాలా ముందే పడ్డాయి. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. దాంతో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న తమిళులు ఒక్కసారిగా పరాయివాళ్లైపోయారు. 1970ల మొదట్లో యూనివర్సిటీ అడ్మిషన్లలో తమిళ మాధ్యమం విద్యార్థులకు కటాఫ్ మార్కులు ఎక్కువగా పెట్టారు. ఒక్క మార్కుతో మెడిసిన్ సీటు పోతే ఇంట్లో ఎలా ఉంటుందో మన దగ్గర ఎంసెట్ రాసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. అక్కడ సీటు పోయింది మార్కులు తక్కువై కాదు, రాసిన భాష వల్ల. 1981లో ఉత్తరాన తమిళులు ఎక్కువగా ఉండే జాఫ్నా నగరపు పబ్లిక్ లైబ్రరీని తగలబెట్టారు. 90 వేలకు పైగా పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి.

1983 జులై 23న జాఫ్నా దగ్గర తమిళ మిలిటెంట్లు మాటువేసి 13 మంది సైనికుల్ని చంపారు. మర్నాటి నుంచి కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి. గుంపులు ఓటర్ల జాబితాలు చేతిలో పట్టుకుని ఏ ఇంట్లో తమిళులున్నారో వెతికాయి. కొలంబోలోని వెలికడ జైల్లో 53 మంది తమిళ ఖైదీల్ని చంపేశారు. మొత్తం ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ తేలలేదు. ప్రభుత్వ లెక్క వందల్లో ఉంటే, మూడు వేల దాకా ఉంటారని చెప్పేవాళ్లున్నారు. తమిళులు ఆ రోజుల్ని ‘కరుప్పు జూలై’ అంటారు. నల్ల జులై. లక్షలాది మంది దేశం విడిచి వెళ్లడం అక్కడ మొదలైంది. కొందరు తమిళనాడు శిబిరాలకు, కొందరు లండన్‌కు, పశ్చిమ జర్మనీకి, కొందరు కెనడాకు వెళ్లారు.

కెనడానే ఎందుకు? ఈ ప్రశ్నకు ఒక పెద్ద జవాబు కోర్టు తీర్పులో ఉంది. 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీంకోర్టు ‘సింగ్’ కేసులో తీర్పు చెప్పింది. కెనడా నేల మీద ఉన్న ప్రతి మనిషికీ, పౌరుడు కాకపోయినా, అక్కడి రాజ్యాంగ హక్కుల పత్రం వర్తిస్తుంది, కాబట్టి శరణు కోరినవాళ్లు చెప్పేది నేరుగా వినకుండా కాగితాలు చూసి తిప్పి పంపడం కుదరదు అన్నది దాని సారాంశం. ఆ కేసు వేసినవాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. వాళ్లు గెలిచిన హక్కు తర్వాతి సంవత్సరాల్లో వేల తమిళ కుటుంబాలను కాపాడింది. కెనడాలో ఏప్రిల్ 4ను ఇప్పటికీ శరణార్థుల హక్కుల దినంగా పాటిస్తారు.

మరుసటి ఏడాది ఆగస్టులో కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దూరంగా, పొగమంచులో రెండు లైఫ్‌బోట్లు కొట్టుకొస్తూ అక్కడి జాలర్లకు కనిపించాయి. వాటిలో 155 మంది తమిళులు ఉన్నారు. పశ్చిమ జర్మనీ నుంచి తీసుకొచ్చిన ఓడవాళ్లు నడిసముద్రంలో పడవల్లోకి దించేసి వెళ్లిపోయారు. జాలర్లు తమ చేపల పడవల్లోకి ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చారు. వీళ్లను ఉంచాలా, పంపాలా అని దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. చివరికి ప్రభుత్వం ఉండనిచ్చింది. వాళ్లలో చాలామంది టొరంటో, మాంట్రియల్ వైపు వెళ్లి హోటళ్లలో గిన్నెలు కడగడం, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వంటి దొరికిన పనల్లా చేశారు. టొరంటో తూర్పున ఉన్న స్కార్‌బరో క్రమంగా తమిళుల పెద్ద కేంద్రమైంది. అక్కడి నుంచి కుటుంబాలు మార్ఖమ్, బ్రాంప్టన్, మిస్సిసాగా వంటి ఊళ్లకు విస్తరించాయి. 2001 డిసెంబర్ 28న మైత్రేయి పుట్టేసరికి ఇది వేళ్లూనుకున్న సమాజం. గుళ్లు, వారాంతపు తమిళ తరగతులు, భరతనాట్యం అరంగేట్రాలు, తమిళ పత్రికలు అన్నీ ఉన్నాయి.

ఆమె చదివిన మెడోవేల్ సెకండరీ స్కూల్ ప్రభుత్వ బడి. ఒంటారియోలో హైస్కూల్ పూర్తి చేయాలంటే కళల్లో కనీసం ఒక కోర్సు పాసవ్వాలి. అందువల్ల నాటకం, సంగీతం, చిత్రలేఖనం లెక్కలు, సైన్సులతో పాటే టైమ్‌టేబుల్‌లో ఉంటాయి. ఇది చిన్న నిబంధనలా కనిపించవచ్చు. డ్రామా టీచరు, రిహార్సల్ గది, స్టేజీ ఉన్న ప్రభుత్వ బడి వలస కుటుంబం నుంచి వచ్చిన పిల్లకు దొరికితే, ఇంట్లో ఎవరికీ సినిమా రంగంతో సంబంధం లేకపోయినా నటన అంటే ఏమిటో తెలిసే వీలుంటుంది. నటనే వృత్తి అని ఆమె నిర్ణయించుకుంది హైస్కూల్ చివరి ఏడాదిలోనే. యార్క్ యూనివర్సిటీలో థియేటర్ కోర్సులో సీటు వచ్చింది. సిరీస్ రావడంతో ఆ చదువు వాయిదా వేసుకుంది. తర్వాత అదే యూనివర్సిటీలో థియేటర్ బదులు మానవ హక్కులు, సమానత్వం మీద కోర్సుకు మారింది. శరణార్థుల బిడ్డ ఆ సబ్జెక్టు ఎంచుకోవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఇక తెర సంగతి. ఇంగ్లిష్ తెర మీద భారత ఉపఖండం మనిషిని చాలాకాలం తెల్లవాళ్లే ముఖానికి రంగు పూసుకుని ఆడారు. 1968లో ‘ది పార్టీ’ సినిమాలో బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ భారతీయ నటుడి పాత్ర అలాగే వేశాడు. 1986లో ‘షార్ట్ సర్క్యూట్’లో భారతీయ ఇంజినీరు పాత్ర వేసింది ఫిషర్ స్టీవెన్స్. 1990 నుంచి ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే అపు పాత్రకు హాంక్ అజారియా గొంతు ఇచ్చాడు, ఎక్కడా ఎవరూ మాట్లాడని ఒక యాసలో. అమెరికాలో, కెనడాలో పెరిగిన ఒక తరం పిల్లల్ని బడిలో ఆ యాసతోనే ఏడిపించారు. ఈ బాధను గట్టిగా బయటపెట్టింది న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన స్టాండప్ కమెడియన్ హరి కొండబోలు. 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అనే డాక్యుమెంటరీ తీశాడు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. ‘నవ్వడం కూడా తప్పేనా’ అన్నవాళ్లు చాలామంది. చివరికి 2020 జనవరిలో, ఇక అపుకు గొంతు ఇవ్వనని అజారియా ప్రకటించాడు. అదే ఏడాది ఏప్రిల్ 27న మైత్రేయి సిరీస్ విడుదలైంది. ఈ రెండింటి మధ్య తేడా మూడు నెలలకు కాస్త ఎక్కువ, అంతే.

మిండీ కేలింగ్ కూడా ఈ దారిలో నడిచి వచ్చినదే. తండ్రి తమిళుడు, తల్లి బెంగాలీ. 2005లో మొదలైన ‘ది ఆఫీస్’లో ఆమె రచయిత్రి, నటి కూడా. 2012లో తన పేరుతోనే సొంత సిట్‌కామ్ మొదలుపెట్టింది. అంత స్థాయికి వచ్చిన మనిషి కాబట్టే నెట్‌ఫ్లిక్స్ ముందు కూర్చుని, పేరున్న నటి వద్దు, కొత్త అమ్మాయిని వెతుకుదాం అనగలిగింది. ఎవరైనా రావచ్చని ఇలా అందరినీ పిలిచే ఓపెన్ కాల్ అంటే ఖర్చు, శ్రమ. పదిహేను వేల వీడియోలు ఎవరో కూర్చుని చూడాలి. ఏజెన్సీల జాబితాలో పేర్లు లేనివాళ్ల దాకా వెళ్లాలంటే వేరే దారి లేదు. ఎందుకంటే అప్పటిదాకా పాత్రలే రాయలేదు కాబట్టి ఆ జాబితాల్లో పేర్లు లేవు.

‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’లో మైత్రేయి పాత్ర దేవి విశ్వకుమార్. కాలిఫోర్నియాలోని షెర్మన్ ఓక్స్‌లో ఉండే హైస్కూల్ అమ్మాయి. స్కూల్ కచేరీలో తను వాయిస్తుండగానే ఎదురుగా కూర్చున్న తండ్రి గుండెపోటుతో చనిపోతాడు. ఆ షాక్‌తో కొన్ని నెలలు ఆమె కాళ్లు పనిచేయవు. కథ మొదలయ్యేసరికి నడవగలుగుతోంది, కానీ ఏడవలేకపోతోంది. బయటికి మాత్రం బాయ్‌ఫ్రెండ్ కోసం తాపత్రయపడే, నోటికొచ్చినట్టు మాట్లాడే, స్నేహితుల్ని బాధపెట్టే పిల్ల. తల్లి నళినిగా పూర్ణా జగన్నాథన్ నటించింది. తల్లీకూతుళ్లు గొడవపడే సీన్లలో మైత్రేయి కోపం, దుఃఖం ఒకే మొహంలో చూపించిన తీరు ఎప్పుడూ శిక్షణ తీసుకోని నటి పనిలా ఉండదు. మొదటి సీజన్ చివర్లో మలిబు బీచ్‌లో తండ్రి అస్థికలు కలిపే సీను చూస్తే అర్థమవుతుంది. విడుదలైంది సరిగ్గా లాక్‌డౌన్‌లో. ప్రపంచమంతా ఆమె మొహం గుర్తుపడుతున్నప్పుడు ఆమె మిస్సిసాగాలో ఇంట్లో ఉంది. మొదటి నాలుగు వారాల్లో దాదాపు 4 కోట్ల ఇళ్లలో చూస్తారని నెట్‌ఫ్లిక్స్ అంచనా వేసింది. 2021లో టైమ్ పత్రిక ‘100 నెక్స్ట్’ జాబితాలో ఆమె పేరు చేరింది. 2023 జూన్ నాటికి నాలుగు సీజన్లు, నలభై ఎపిసోడ్లు పూర్తయ్యాయి.

విమర్శలు కూడా వచ్చాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. దేవిది భారతదేశం నుంచి వచ్చిన తమిళ హిందూ కుటుంబం. గణేశ పూజ ఎపిసోడ్‌లో ముస్లింను పెళ్లాడి వెలివేతకు గురైన మహిళను చూపించిన తీరు చాలామందికి నచ్చలేదు. కులం గురించి సిరీస్ మాట్లాడదు. ఇవన్నీ రాసినవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు. వాటి బరువు మాత్రం పద్దెనిమిదేళ్ల నటి మీద పడింది. తెల్ల హీరోయిన్ చెడ్డగా ప్రవర్తిస్తే అది ఒక పాత్ర. దేవి చెడ్డగా ప్రవర్తిస్తే ‘మన పిల్లల పరువు తీసింది’ అన్నారు. ఏళ్ల తరబడి ఒక్కరే కనిపిస్తే, ఆ ఒక్కరి మీద అందరి ఆశలూ కోపాలూ పోగుపడతాయి. దీనికి మందు ఇంకా ఎక్కువ మంది కనిపించడమే.

అదే 2020లో కెనడాలో జరిగిన మరో వివాదాన్ని పక్కన పెట్టి చూడాలి. కొలంబో తమిళ కుటుంబంలోని అబ్బాయి కథతో, 1983 అల్లర్లు నేపథ్యంగా వచ్చిన శ్యామ్ సెల్వదురై నవల ‘ఫన్నీ బాయ్’ను దీపా మెహతా సినిమాగా తీసింది. ముఖ్యమైన పాత్రల్లో తమిళులు కానివాళ్లు ఉన్నారని, వాళ్లు పలికిన తమిళం వినలేకపోయామని కెనడా తమిళులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. మాట్లాడే భాష వల్లే చావుదెబ్బలు తిన్నవాళ్ల కథలో ఆ భాషే సరిగా పలక్కపోతే మిగిలేదేముంది? తమిళ నటులు దొరకరు అనే మాట ఇక చెల్లదు. మిస్సిసాగా లైబ్రరీలో తీసిన వీడియోనే దానికి రుజువు.

మైత్రేయి తర్వాతి పనుల్లో 2022లో వచ్చిన పిక్సార్ యానిమేషన్ సినిమా ‘టర్నింగ్ రెడ్’ నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. టొరంటోలో పెరిగిన చైనీస్ కెనడియన్ దర్శకురాలు డోమీ షీ, 2002 నాటి టొరంటో నేపథ్యంగా తీసిన కథ అది. హీరోయిన్ స్నేహితురాలు ప్రియకు గొంతు ఇచ్చింది మైత్రేయి. రకరకాల దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే బడి అందులో ఎలాంటి వివరణా లేకుండా కనిపిస్తుంది.

మన వైపు నుంచి కూడా ఒక అమ్మాయి ఇదే కాలంలో ఇదే దారిలో వచ్చింది. కాలిఫోర్నియాలో పుట్టిన అవంతిక వందనపు 2016లో ‘బ్రహ్మోత్సవం’, ‘మనమంతా’ వంటి తెలుగు సినిమాల్లో బాలనటిగా చేసి, 2024లో ‘మీన్ గర్ల్స్’లో ముఖ్యపాత్ర వేసింది. ఇప్పుడు టొరంటో చుట్టుపక్కల, ముఖ్యంగా బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. అక్కడి బడుల్లో మన పిల్లలూ ఆ డ్రామా క్లాసులోనే కూర్చుంటున్నారు. కళల కోర్సును ‘ఎలాగైనా గట్టెక్కాల్సిన క్రెడిట్’గా చూసే అమ్మానాన్నలు ఈ చరిత్ర ఒకసారి చదవాలని కోరుకుంటాను.

2025 ఆగస్టులో వచ్చిన ‘ఫ్రీకియర్ ఫ్రైడే’ సినిమాలో మైత్రేయి పాప్ గాయని ఎల్లా పాత్ర వేసింది. దర్శకురాలు నిషా గణాత్ర కూడా కెనడాలో పుట్టిన భారతీయ కుటుంబపు బిడ్డే. ఎల్లా ఎక్కణ్నుంచి వచ్చింది, ఇంట్లో ఏం వండుతారు అన్నది ఆ కథకు అవసరం లేదు. నటిగా అది మంచి మలుపే. అయినా దేవి భారతీయ తమిళ అమ్మాయి, ప్రియ కార్టూన్ పాత్ర, ఎల్లా పాప్ స్టార్. ఆమెకు పేరు తెచ్చిన వాటిలో ఒక్కటీ ఈలం తమిళ, అంటే శ్రీలంక తమిళ అమ్మాయి పాత్ర కాదు. స్కార్‌బరోలో రాత్రి షిఫ్టులు చేసిన తల్లిదండ్రులకు పుట్టి, చిన్నప్పటి నుంచి యుద్ధం గురించి సగం సగం మాటలు వింటూ పెరిగిన అమ్మాయి కథ ఎవరైనా బాగా రాసి, దాన్ని మైత్రేయి చేస్తే చూడాలని ఉంది.