కలిసి వాడుకునే కాలేజీ భవనం గీసే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ స్టూడియో బ్రీఫ్ (మీకిచ్చిన డిజైన్ పని వివరాలు), మీరు పంపిన బబుల్ డయాగ్రామ్ (ఏది దేని పక్కన ఉండాలో సున్నాలతో చూపే బొమ్మ) రెండూ చూశాను. విజయవాడలో సైటు. ఆర్కిటెక్చర్, ప్లానింగ్, ఫైన్ ఆర్ట్స్ విభాగాలు మూడూ ఒకే భవనం వాడుకోవాలి. మీరు మూడు పెద్ద సున్నాలు గీసి, మధ్యలో ‘కామన్’ అని ఒక చిన్న సున్నా పెట్టారు. అలా కడితే మూడు కాలేజీలు, ఒక వరండా వస్తాయి. పిల్లలూ, ఆ సున్నాలు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి.

విభాగాల పేర్లు కాసేపు మర్చిపోండి. ఎవరి పనికి చప్పుడు ఎక్కువ, ఎవరి పనికి దుమ్ము లేస్తుంది, ఎవరికి నీళ్లు కావాలి, ఎవరికి నిలకడైన వెలుతురు కావాలి, ఎవరు రాత్రి దాకా ఉంటారు, ఇవి రాసుకోండి. అప్పుడు శిల్పం చెక్కేవాళ్లూ, మోడల్ కోసం చెక్క కోసే మీ ఆర్కిటెక్చర్ వాళ్లూ ఒక వైపు చేరతారు. మ్యాపుల ముందు కూర్చునే ప్లానింగ్ పిల్లలూ, డ్రాయింగ్ బల్లల దగ్గర మళ్లీ మీరూ ఇంకో వైపు. అడ్డుగోడ విభాగాల మధ్య రాదు, మీ విభాగాన్నే రెండుగా చేసి పోతుంది. వర్క్‌షాప్ అందరికీ ఒకటే చాలు, కాకపోతే పెద్దదిగా, నేల అంతస్తులో ఉండాలి. ఆటో ట్రాలీ గుమ్మం దాకా రావాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లు మెట్ల మీద మోసే పని ఎవరికీ పెట్టకండి.

ఇక వెలుతురు. అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్ట్ బి.వి. దోషి కట్టిన స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ప్లాన్లూ, సెక్షన్లూ (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు) దగ్గర పెట్టుకుని చూడండి. స్కూలు 1962లో మొదలైంది, ఆ భవనం 1960ల చివర్లో పూర్తయింది. ఇటుక గోడలు, కాంక్రీటు అంతస్తులు. ఉత్తరం వైపు ఏటవాలు అద్దాల్లోంచి స్టూడియోల్లోకి వెలుతురు దిగుతుంది. అంతస్తులు సగం సగం ఎత్తుల్లో ఉండటంతో ఒక బ్యాచ్ చేసే పని ఇంకో బ్యాచ్‌కి కనిపిస్తుంది. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది అది.

అయితే ఆ సెక్షన్‌ని యథాతథంగా విజయవాడకు తేకండి. అహ్మదాబాద్ కర్కాటక రేఖ పక్కనే ఉంది, మిట్టమధ్యాహ్నపు సూర్యుడు అక్కడ నడినెత్తి దాటి ఉత్తరానికి పోడనే చెప్పాలి. మన విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు, జూన్ 21న నడినెత్తి నుంచి దాదాపు 7 డిగ్రీలు. అది చిన్న సన్‌షేడ్‌తో ఆగుతుంది. కానీ ఆ నెలల్లో పొద్దునా సాయంత్రం కిందుగా వచ్చే ఎండ ఉత్తరపు కిటికీల్లోకి పక్క నుంచి దూరుతుంది. దానికి కిటికీ పక్కన పలకల్లా నిలువు రెక్కలు ఉండాల్సిందే. జూన్, జూలైల్లో క్లాసులుంటాయి కదా, ఇది వదిలేసే విషయం కాదు.

వెలుతురు పంచడంలో పెద్దవాళ్లు కూడా ఒకరికే పెద్దపీట వేశారు. షికాగోలో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో కట్టిన కాలేజీ భవనం క్రౌన్ హాల్‌ని 1956లో తెరిచారు. 220 అడుగులకు 120 అడుగులు, 18 అడుగుల ఎత్తు, లోపల ఒక్క స్తంభం లేదు, కప్పు నాలుగు ఉక్కు గర్డర్లకు వేలాడుతుంది. ఆ పై హాలు ఆర్కిటెక్చర్ వాళ్లది. అదే భవనంలో ఉండాల్సిన డిజైన్ స్కూలుకి సగం భూమిలోకి దిగిన కింది అంతస్తు దక్కింది. అంత గొప్ప భవనంలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే. మీ ప్లాన్‌లో ఫైన్ ఆర్ట్స్ వాళ్లని వెనక వైపుకి నెట్టారు, పెయింటింగ్‌కే కదా మంచి వెలుతురు ముందు కావాలి!

కామన్ సున్నా సంగతి. మీ షీట్లు గోడకు పెట్టి పెద్దవాళ్లకు చూపించే జ్యూరీకి గోడ ఎంత కావాలో ఒక లెక్క చేద్దాం. ఎ1 డ్రాయింగ్ షీటు అడ్డంగా పెడితే 841 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక్కొక్కరికి ఆరు షీట్లు, రెండు వరసల్లో పెడితే మనిషికి రెండున్నర మీటర్ల గోడ. ఒక పూట ఎనిమిది మందికి జ్యూరీ అంటే 20 మీటర్లు. ఆ గోడని తాళం వేసే గదిలో పెట్టకండి. అందరూ స్టూడియోలకూ క్యాంటీన్‌కూ వెళ్లే దారి పక్కనే పెట్టి, ఆ దారిని నాలుగు మీటర్లు చేయండి. జ్యూరీ ముందు జనం నిలబడ్డా వెనక నడవడానికి చోటుంటుంది. జ్యూరీ లేని రోజుల్లో పెయింటింగ్ వాళ్ల బొమ్మలూ, ప్లానింగ్ వాళ్ల మ్యాపులూ అక్కడే పెట్టుకోవచ్చు. ఫస్టియర్ పిల్లలు టీకి వెళ్తూ ఫైనలియర్ జ్యూరీ రెండు నిమిషాలు వింటారు. ప్రత్యేకంగా లాబీ అని పేరు పెట్టి ఖాళీ వదిలితే ఇది జరగదు.

సెమినార్ హాళ్లు విభాగానికొకటి గీశారు. మూడు టైమ్‌టేబుళ్లూ తెప్పించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, రెండు హాళ్లతో సరిపోవచ్చు.

ర్యాంప్‌కి 1:12 వాలు, అంటే మీటరు ఎత్తు ఎక్కడానికి 12 మీటర్ల పొడవు. 3.6 మీటర్ల అంతస్తుకి 43 మీటర్ల పైనే పొడవు, ల్యాండింగులు కాక. ఇప్పుడే చోటు చూడకపోతే ఆఖర్లో ఎక్కడా పట్టదు.

సబ్మిషన్ ముందు రాత్రుల టెన్షన్ మీకు నేను చెప్పాలా? పది మంది మేలుకుని ఉంటే భవనమంతా లైట్లు వేసి తెరిచి ఉంచలేరు. ఒక స్టూడియో, టాయిలెట్లు, తాగునీళ్లు, వాచ్‌మన్ కనిపించే ఒక గేటు కలిసి ఉండి, మిగతాదంతా తాళం పడేలా చూడండి. ఆడపిల్లల ఇళ్లలో రాత్రి ఉండనిస్తారా లేదా అనేది చాలావరకు ఆ ఒక్క గేటు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడుతుంది.

వచ్చే వారం నాకు ప్లాన్ వద్దు. 1:100లో, అంటే అసలు కొలతలో వందో వంతుకి, రెండు సెక్షన్లు పంపండి, ఒకటి వర్క్‌షాప్ మీదుగా, ఒకటి ఆ 20 మీటర్ల గోడ మీదుగా. రెండింటి మీదా జూన్ 21 పొద్దున ఎనిమిదింటి ఎండ గీయండి.

మీ పెదనాన్న