టిక్కుమంటుంది, తిరగదు: మొరాయించే వించ్ వెనుక ఓమ్ సూత్రం

అనంతపురం దగ్గర 44వ జాతీయ రహదారి మీద ఆగిపోయిన బండ్లను, జీపుకు బిగించిన విద్యుత్ వించ్‌తో, అంటే మోటారుతో డ్రమ్ము తిప్పి రోపును చుట్టే యంత్రంతో, లాగే పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. బరువు లేనప్పుడు ఆయన వించ్ చక్కగా తిరుగుతుంది. దిగబడిన బండిని తగిలించి స్విచ్చి నొక్కితే మాత్రం టిక్కుమని చప్పుడు చేసి, డ్రమ్ము కొద్దిగా కదిలి ఆగిపోతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గరా, వించ్ దగ్గరా 12.6 వోల్టులు ఉన్నాయి. కరెంటు సరిగానే అందుతోంది కాబట్టి మోటారే పోయిందని మెకానిక్కు తేల్చారట. మోటారు కొనే ముందు ఆ 12.6 అనే అంకెను అనుమానించమని నా మనవి.

ఆ అంకె స్విచ్చి నొక్కకుండా, వించ్‌లో ప్రవాహం లేనప్పుడు చూసినది. పాఠశాలల్లో ఓమ్ సూత్రాన్ని (వోల్టేజి అంటే ప్రవాహాన్ని నిరోధంతో గుణించినంత) 2 ఓములు, 5 ఓముల నిరోధాలతో లెక్కలు చేయించి వదిలేస్తారు. ఓములో నూరోవంతు ఎదురైతే విద్యార్థి దాన్ని సున్నా కింద కొట్టేస్తాడు. 1827లో జార్జ్ ఓమ్ ప్రచురించిన ఆ సూత్రంలోని పస తెలియాలంటే వించ్ దగ్గరికే రావాలి. 12 వోల్టుల పెద్ద వించ్ మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు సుమారు 70 ఆంపియర్లతో సరిపెట్టుకున్నా, పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా అడుగుతుంది. బ్యాటరీ నుంచి మోటారుకు పోయి తిరిగివచ్చే దారిలోని కేబుళ్లు, బిగింపులు అన్నీ కలిసి 0.01 ఓమ్ నిరోధం చూపుతున్నాయనుకుందాం. ఖాళీగా తిరిగేటప్పుడు దారిలో పోయేది 0.7 వోల్టు మాత్రమే కాబట్టి ఎవరూ గమనించరు. అదే 400 ఆంపియర్లు పారవలసి వస్తే దారిలోనే 4 వోల్టులు పోవాలి, 1600 వాట్ల వేడి పుట్టాలి. బ్యాటరీ వోల్టేజి కూడా ఆ ధాటికి కొంత దిగుతుంది కనుక, అన్ని ఆంపియర్లు మోటారుకు చేరనే చేరవు. పైగా ఇటువంటి వించ్‌లలో ఎక్కువగా కనిపించే సిరీస్ మోటారులో, ఇనుము అయస్కాంతపరంగా సంతృప్తం కానంతవరకు, తిప్పే బలం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం సగమైతే బలం పావే.

మా జిల్లా చీనీ తోటల్లో డ్రిప్పు వేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఫిల్టరు మట్టితో పూడుకుపోయినా, తోటలోకి పోయే వాల్వు మూసి ఉంటే ఫిల్టరు తర్వాతి గేజీలో పీడనం నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే నీరు కదలనప్పుడు అడ్డంకి తన ఉనికిని చాటుకోదు. ఒకటి రెండు పాదులకే నీరు వదిలినా ముల్లు పెద్దగా దిగదు. తోటంతటికీ వదిలినప్పుడే అది కూలబడుతుంది. అందుకే తెలిసిన రైతు ఒక్క గేజీని నమ్మడు. ఫిల్టరుకు ముందున్న గేజీకి, తర్వాతి గేజీకి మధ్య తేడా చూసి, అది పెరిగితే ఫిల్టరు కడుగుతాడు. మల్టీమీటరు రెండు కొనలు ఆ రెండు గేజీలే. తేడా ఒక్కటే: నీటి పీడన నష్టం ఇంచుమించు ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది, వోల్టేజి నష్టం ప్రవాహంతో సమానంగా పెరుగుతుంది.

కాబట్టి బరువు మీదనే కొలవాలి. జీపును కదలకుండా నిలిపి, రోపు దారిలో ఎవరూ లేకుండా చూసి, ఒకరు స్విచ్చి నొక్కుతుండగా మరొకరు మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ సీసపు స్తంభం మీద, క్లాంపు మీద కాదు, సరిగ్గా స్తంభం మీదే ఆనించాలి. రెండో కొనను ముందు ఆ క్లాంపుకు, తర్వాత సోలినాయిడ్‌కు (రిమోటు నొక్కగానే లోపలి రాగి బిళ్లలను కలిపి మోటారుకు ప్రవాహం వదిలే విద్యుదయస్కాంత స్విచ్చికి) వచ్చే బోల్టుకు, ఆ తర్వాత దాని నుంచి మోటారుకు పోయే బోల్టుకు మార్చుతూ పోవాలి. ఏ అడుగులో అంకె ఉన్నట్టుండి పెరిగితే దోషం అక్కడే. నెగటివ్ వైపును చాలామంది మరచిపోతారు. ప్రవాహం తిరిగి వచ్చేది ఆ దారినే కాబట్టి అక్కడా ఇదే పరీక్ష చేయాలి.

రెండు లోహపు ముఖాలను ఎంత గట్టిగా బిగించినా అవి నిజంగా తాకేది కొన్ని సూక్ష్మమైన మచ్చల దగ్గరే. విద్యుత్ స్పర్శలను లోతుగా శోధించిన రాగ్నార్ హోల్మ్ లెక్క ప్రకారం ఒక మచ్చ నిరోధం, లోహపు విశిష్ట నిరోధాన్ని ఆ మచ్చ వ్యాసంతో భాగించినంత. రాగిలో 0.02 మిల్లీమీటరు మచ్చకు అది సుమారు 0.00085 ఓమ్. దీనికి ఆమ్లపు తెల్లపొడి, చిలుము తోడైతే చెప్పనక్కరలేదు. ఆయుధపూజ నాడు వించ్‌కు పసుపు కుంకుమలు పెట్టడంలో తప్పు లేదు. టెర్మినళ్ల మీద అద్దకుండా, కొబ్బరినీళ్లు సోలినాయిడ్ పెట్టె మీద చిందకుండా చూస్తే చాలు, ఎందుకంటే ఆ నీటిలోని లవణాలు తుప్పును తొందరపెడతాయి.

హోల్మ్ చెప్పిన మరో సంగతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. శుభ్రమైన స్పర్శలో మచ్చ ఎంత వేడెక్కుతుందనేది దాని పరిమాణం మీద కాక, దానికి అటూ ఇటూ ఉన్న వోల్టేజి మీద ఆధారపడుతుంది, రాగి 0.12 వోల్టు దగ్గర మెత్తబడి, 0.43 వోల్టు దగ్గర కరుగుతుంది. సోలినాయిడ్‌లోని రాగి బిళ్లలు ఒక్కోసారి అతుక్కుపోయి, స్విచ్చి వదిలినా వించ్ ఆగకపోవడానికి ఇదే మూలం. బ్యాటరీ దగ్గర విడిగా ఒక కటాఫ్ స్విచ్చి ఉండాలనేది ఇందుకే.

ఇక ఆ టిక్కు సంగతి. అది రిమోటు, దాని వైరు, సోలినాయిడ్ చుట్ట బాగున్నాయని మాత్రమే చెబుతుంది. మాడిన బిళ్లల గురించి ఏమీ చెప్పదు. చప్పుడే లేకపోతే ముందు రిమోటు ప్లగ్గు చూడాలి. టిక్కుటిక్కుమని ఆగకుండా కొట్టుకుంటుంటే బరువు మీద వోల్టేజి కూలి, చుట్ట పట్టు వదలి, మళ్లీ పట్టుకుంటోందని అర్థం. రోపును చుట్టుకోగలిగి వదలలేకపోతే దోషం సోలినాయిడ్‌లోనో రిమోటులోనో ఉంటుంది, ఎందుకంటే మోటారు రెండు దిశలకూ ఒకటే. బిగింపులన్నీ రుద్ది బిగించి, బరువు మీద రెండు వైపులా కలిపి నష్టం అర వోల్టుకు దిగి, బ్యాటరీ కూడా నిలదొక్కుకున్న తర్వాత సైతం డ్రమ్ము ఆగితే, అప్పుడు మోటారు విప్పి బ్రష్షులు చూడవచ్చు.