బరువైన ఫ్లానెల్ షర్టు సైజు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి ఎండల్లో బరువైన ఫ్లానెల్ షర్టుతో, అంటే నూగు లేపిన మందపాటి బట్టతో కుట్టిన షర్టుతో, పనేముంది అనిపించవచ్చు. షర్టులు కత్తిరించి కుట్టే మాకు మాత్రం ఏడాదిలో రెండు సీజన్లలో ఈ బట్ట చేతికి వస్తుంది. మే నుంచి జులై దాకా అమెరికా, కెనడా చదువులకు బయల్దేరే పిల్లలు వస్తారు, వాళ్ల వెంట అమ్మానాన్నలు వస్తారు. డిసెంబరు వచ్చేసరికి తిరుమలలో తెల్లవారకముందే షాపు తెరిచేవాళ్లు, ఘాట్ రోడ్డు డ్రైవర్లు, పలమనేరు వైపు చీకటితోనే బండి మీద పాలు తెచ్చేవాళ్లు వస్తారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మందం బట్ట కదా, ఒక సైజు పెద్దది తీసుకోవాలా?"

చాలాచోట్ల ఈ ప్రశ్నకు "అవును" అనే జవాబే దొరుకుతుంది. అలా కొన్న షర్టు భుజాల మీంచి జారుతూ ఉంటుంది, చేతులు పైకెత్తితే పొట్ట కనిపిస్తుంది. రెండు చలికాలాలు చూడకుండానే బీరువా అడుగుకు చేరిపోతుంది. ఏళ్ల తరబడి వేసుకోదగ్గ బట్ట అలా వృథా కావడం చూస్తే నాకు మనసు ఒప్పదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: బట్ట మందం కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవాలి

ముందు లెక్క చూద్దాం. బట్ట మందం ఒకటిన్నర మిల్లీమీటరు అనుకుందాం. ఒంటి చుట్టూ ఆ మందం తినేసే చోటు ఎంత? వృత్తం చుట్టుకొలత సూత్రం ప్రకారం మందాన్ని 6.28తో గుణిస్తే 9.4 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే అర అంగుళం కూడా లేదు. లోపల 1 మిల్లీమీటరు మందం థర్మల్ (చలికి ఒంటికి అంటుకునేలా వేసుకునే లోపలి బట్ట) వేసుకుంటే ఇంకో పావు అంగుళం. 4 మిల్లీమీటర్ల స్వెటర్ వేసుకుంటే ఒక అంగుళం. అంతే.

ఇప్పుడు ఒక సైజు పెంచితే ఏమవుతుందో చూడండి. మన దగ్గరి కంపెనీల్లో ఎం నుంచి ఎల్‌కు చెస్ట్ సాధారణంగా 2 అంగుళాలు పెరుగుతుంది. అమెరికా చార్టుల్లో ఎం అంటే 38-40, ఎల్ అంటే 42-44 అని రాస్తారు, అంటే 4 అంగుళాలు. పైగా చెస్ట్ ఒక్కటే పెరగదు. షోల్డర్, చేతి పొడవు, కాలర్ పెరుగుతాయి. వాటితోపాటు చంక రౌండ్ (చెయ్యి ఒంటికి కలిసే కుట్టు చుట్టుకొలత) కూడా పెరిగి కిందికి దిగుతుంది. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

చంక కిందికి దిగిన షర్టులో చెయ్యి ఎత్తితే చేతితోపాటు పక్క భాగం మొత్తం పైకి లేస్తుంది. పల్చటి పాప్లిన్ అయితే ఎక్కడో మడత పడి సర్దుకుంటుంది. మందం ఫ్లానెల్ అంత తేలిగ్గా మడత పడదు, మనిషినే వెనక్కి లాగుతుంది. లూజు షర్టు వేసుకుని కూడా "పట్టేసినట్టుంది అన్నా" అని చెప్పేవాళ్ల బాధ ఇదే. వాళ్లకు ఇంకా పెద్ద సైజు ఇస్తే బాధ పెరుగుతుంది. చంక దగ్గరగా, పైకి ఉన్న షర్టులోనే చెయ్యి హాయిగా ఆడుతుంది.

కాబట్టి నేను ముందు చూసేది షోల్డర్. భుజం ఎముక చివర దగ్గర కుట్టు కూర్చోవాలి. మందం బట్టలో పావు అంగుళం బయటికి ఉన్నా పర్లేదు, ముప్పావు అంగుళం దాటితే వద్దు. షోల్డర్ కుదిరాక చెస్ట్ చూస్తాను. ఒంటి కొలత మీద షర్టు కొలత ఎంత ఎక్కువుండాలన్నది లోపల ఏం వేసుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. బనియన్ లేదా టీషర్టు మీదైతే 4 నుంచి 5 అంగుళాలు పెడతాను. థర్మల్, దాని మీద టీషర్టు అయితే 6. స్వెటర్ మీద కోటులాగా వేసుకోవాలంటే 7 నుంచి 8. చాలా కంపెనీల చార్టుల్లో ఈ లూజు ముందే కలిపి ఉంటుంది. దాని మీద మళ్లీ మనం ఒక సైజు కలిపితే లూజు మరీ ఎక్కువవుతుంది.

చలి దేశం వెళ్లే పిల్లలకు ఇంకో ప్రశ్న వేస్తాను: "నాయనా, ఇది జాకెట్ లోపల వేసుకుంటావా, జాకెట్ బదులు వేసుకుంటావా?" లోపలైతే లూజు షర్టు అస్సలు పనికిరాదు. చేతుల్లో బట్ట ముద్దకట్టి మోచేతి దగ్గర ఒత్తుతుంది. జాకెట్ బదులైతే పెద్ద సైజు ఆలోచించవచ్చు. అప్పుడు కూడా స్వెటర్ వేసుకుని చూశాకే.

ఇక్కడ మన ఊరి వాతావరణం కూడా మోసం చేస్తుంది. మే నెలలో, ఉత్త బనియన్ మీద, చెమటతో షర్టు వేసి చూస్తారు. బట్ట ఒంటికి అతుక్కుంటుంది, ఊపిరాడనట్టుంటుంది. "టైట్‌గా ఉంది" అని పెద్దది అడుగుతారు. వేడి వల్ల వచ్చిన ఇబ్బందిని సైజు మీద వేయకండి. థర్మల్ వెంట తెచ్చుకోండి, చల్లటి గదిలో వేసి చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి బైకు హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టండి. వీపు దగ్గర బట్ట బిగుసుకోకూడదు, కఫ్ మణికట్టు ఎముక నుంచి అంగుళం, అంగుళంన్నర కంటే పైకి పోకూడదు. పాలబండి నడిపేవాళ్లకైతే నేను ఈ ఒక్క పరీక్ష మీదే సైజు ఖాయం చేస్తాను.

అపోహ: నా సైజు 40, ఎక్కడ కొన్నా 40 తీసుకుంటే చాలు

ఏ 40? మన ఫార్మల్ షర్టుల మీద ఉండే 39, 40, 42 చాలావరకు కాలర్ కొలతలు, అదీ సెంటీమీటర్లలో. 40 సెంటీమీటర్లంటే 15 ముప్పావు అంగుళాలు. క్యాజువల్ షర్టు మీద 40 అని ఉంటే అది చాలాసార్లు అంగుళాల్లో చెస్ట్. ఫార్మల్‌లో 40 వేసుకునే మనిషి చెస్ట్ సుమారుగా 42 ఉంటుంది. ఆయన క్యాజువల్ ఫ్లానెల్‌లో 40 తీసుకుంటే గుండీలు లాగుతాయి. అప్పుడు "ఫ్లానెల్ చిన్నగా వస్తుంది" అనే మాట పుడుతుంది.

జపాన్ కంపెనీల సైజు అమెరికా సైజు కంటే చిన్నగా ఉంటుంది. బరువైన ఫ్లానెల్‌కు జపాన్ పేరున్న దేశం, అక్కడి నుంచి తెప్పించుకునేవాళ్లు లేబుల్ అక్షరాన్ని నమ్మకూడదు. అమెరికా షర్టుల చేతి పొడవు చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు, "34 అంగుళాల చెయ్యేంటన్నా" అని. అమెరికా కంపెనీలవాళ్లు మెడ వెనక మధ్య నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా కొలుస్తారు. మన షోల్డర్‌లో సగం, దానికి చేతి పొడవు కలిపితే అదే వస్తుంది: షోల్డర్ 18, చెయ్యి 25 అయితే 9, 25 కలిపి 34.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పని చేసే పద్ధతి ఒకటే. మీకు బాగా కుదిరిన షర్టును గుండీలు పెట్టి మంచం మీద కాకుండా గట్టి బల్ల మీద పరవండి. చంక కింద ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచి రెట్టింపు చేస్తే చెస్ట్. భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు షోల్డర్. భుజం కుట్టు నుంచి కఫ్ చివరికి చెయ్యి. కాలర్ కుట్టు కింద నుంచి వెనక అంచుకు పొడవు. చంక రౌండ్‌ను కుట్టు వెంబడి కొలవండి. చార్టులో ఒంటి కొలత ఇచ్చారా, షర్టు కొలత ఇచ్చారా అన్నది తప్పకుండా చదవండి. రెండూ ఒకటే అనుకుంటే 5 అంగుళాల తేడా వస్తుంది.

అపోహ: ఎలాగూ కుదించుకుపోతుంది, అందుకే పెద్దది కొనాలి

ఇందులో సగం నిజం ఉంది. నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు మగ్గం తెలిసిన ఇళ్లవాళ్లకు చెప్పడం సులువు: నేత మీద పడుగు (నిలువు నూలు) లాగి ఉంటుంది, తర్వాత నూగు లేపే యంత్రం మీద బట్టను మళ్లీ పొడవుగా లాగుతారు. పేక నూలును (అడ్డ నూలును) తక్కువ పురితో, అంటే తక్కువ మెలికతో వడుకుతారు, అప్పుడే నూగు లేస్తుంది. ఇలాంటి బట్ట నీళ్లలో పడగానే ఆ లాగుడంతా వదిలేసి వెనక్కి వస్తుంది. అందుకే పొడవులో ఎక్కువ, వెడల్పులో తక్కువ కుదించుకుంటుంది.

అమెరికాకు చెందిన సాన్‌ఫోర్డ్ క్లూయెట్ 1930లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో బట్టను ముందే యంత్రం మీద కుదిస్తారు. ఆయన పేరుతోనే దాన్ని సాన్‌ఫరైజ్ చేయడం అంటారు. అలా చేసిన బట్ట ఆ తర్వాత 1 శాతం దాకానే తగ్గుతుంది. అలాంటి షర్టు పెద్దది కొంటే పెద్దదిగానే ఉండిపోతుంది.

సాన్‌ఫరైజ్ చేయని బట్ట పొడవులో 4 శాతం తగ్గిందనుకోండి. 30 అంగుళాల షర్టు 1.2 అంగుళాలు పోతుంది, 25 అంగుళాల చెయ్యి ఒక అంగుళం పోతుంది. 44 చెస్ట్ 2 శాతం తగ్గితే 0.9 అంగుళం. అంటే ఇబ్బంది వచ్చేది పొడవులో, చేతుల్లో. దానికోసం షోల్డర్ పెంచుకోవడం దేనికి? చేతులు పొడుగ్గా ఉండే రకం దొరికితే అది తీసుకోండి.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడ మిద్దె మీద ఆరేసి "మూడుసార్లు ఉతికాను, ఏమీ తగ్గలేదు" అని నిశ్చింతగా వెళ్తారు. అక్కడ డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పగానే చేతులు పైకి పోతాయి. తీగ మీద ఆరేసినప్పుడు తడి బట్ట బరువే దాన్ని కొంత సాగదీసి ఉంచుతుంది. డ్రైయర్ వేడి, దొర్లుడు కలిసి మిగిలిన కుదింపు అంతా బయటికి తెస్తాయి. చల్లటి నీళ్లలో ఉతికి, గాలికి ఆరేయడం అక్కడ కూడా కుదురుతుంది. బాత్రూంలో హ్యాంగర్ చాలు.

అపోహ: వేసుకునే కొద్దీ సాగుతుంది

కొత్త బట్ట బిరుసు పోయి మెత్తబడుతుంది. మోచేతుల దగ్గర కొద్దిగా ఉబ్బుతుంది. షోల్డర్, చెస్ట్ మాత్రం సాగవు. ఇది నేసిన బట్ట, టీషర్టులా అల్లిన బట్ట కాదు.

అపోహ: లూజైతే టైలర్ సరిచేస్తాడు

పక్క కుట్లు లోపలికి పట్టడం చేయగలం, మొత్తం మీద 2 అంగుళాల దాకా. అంతకు మించితే చంక ఆకారం చెడుతుంది. మంచి ఫ్లానెల్ షర్టులకు పక్కల్లో మడత కుట్టు వేసి ఉంటుంది. చంక కింద నాలుగు కుట్లు కలిసే చోట ఎన్నో పొరల బట్ట పేరుకుంటుంది. మామూలు షర్టుకు వాడే 11 నంబరు సూది అక్కడ విరుగుతుంది, 16 నంబరు వేసి చక్రం చేత్తో తిప్పుతూ దాటించాలి. విప్పిన చోట నూగు అరిగి పాత కుట్టు గీత కనిపిస్తూనే ఉంటుంది.

చేతి పొడవు తగ్గించాలంటే కఫ్ విప్పి పైకి జరపాలి. అంగుళం వరకు బాగుంటుంది. ఆపైన కఫ్ పైన చేతి చీలికకు వేసే పట్టీ పొట్టిదైపోతుంది, దాని మీది గుండీ కఫ్‌కు మరీ దగ్గరగా వచ్చేస్తుంది.

షోల్డర్ జోలికి నేను వెళ్లను. చెయ్యి మొత్తం విప్పి, భుజం కోసి, చంక మళ్లీ గీసి కుట్టాలి. గళ్ల బట్టలో చేతి గళ్లు, ఒంటి గళ్లు కలవకుండా పోతాయి. డబ్బులు తీసుకుని చేసేవాళ్లున్నారు. అంత డబ్బు పెట్టే బదులు సరైన సైజు మార్చుకోమనే చెబుతాను.

కొత్తగా కుట్టించుకునేవాళ్లకు మాత్రం ఈ తలనొప్పులు లేవు. 58 అంగుళాల పన్నా (వెడల్పు) బట్ట అయితే ఫుల్ చేతుల షర్టుకు 1.6 మీటర్లు పడుతుంది, పెద్ద గళ్లయితే ఇంకో పావు మీటరు తీసుకోండి. బట్టను తడిపి ఆరేశాకే కత్తిరించమని అడగండి. నూగు ఒకే దిక్కుకు వాలేలా ముక్కలన్నీ ఒకే వైపుకు పెట్టి కత్తిరించాలి. లేదంటే ఎండలో ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగులా కనిపిస్తుంది.

అపోహ: గళ్ల షర్టంటే ఫ్లానెల్, బరువు ఎంత ఉంటే అంత వెచ్చన

గళ్లు డిజైను మాత్రమే. ఫ్లానెల్ అంటే ఒకవైపో రెండువైపులో నూగు లేపిన నేత బట్ట. పూర్వం వేల్స్‌లో ఉన్నితో నేసేవాళ్లు, ఇప్పుడు దొరికేది ఎక్కువగా పత్తిది. పాలిస్టర్ ఫ్లీస్‌ను కూడా ఈ పేరుతో అమ్ముతున్నారు. అది ఉతికితే కుదించుకోదు, కాబట్టి పై లెక్కలు దానికి వర్తించవు. లేబుల్ మీద పత్తి ఎంత శాతమో చూడండి.

బరువు విషయానికొస్తే, మామూలు షర్టు బట్ట చదరపు మీటరుకు 110-130 గ్రాములుంటే, బరువైన ఫ్లానెల్‌లో చదరపు గజానికి 8 ఔన్సులుండే రకం సుమారు 270 గ్రాములు, 12 ఔన్సులది 400 గ్రాముల పైన. వెచ్చదనం ఇచ్చేది నూగులో నిలిచే గాలి. మరీ బిగువుగా వేసుకుంటే నూగు అణిగి ఆ గాలి పోతుంది. మరీ లూజైతే కింది నుంచి, చేతుల్లోంచి చలిగాలి దూరుతుంది.

నూగు వల్ల ఇంకో ప్రమాదం ఉంది, ఇది పిల్లలకు తప్పకుండా చెబుతాను. నూగున్న పత్తి బట్టకు మంట చాలా త్వరగా అంటుకుంటుంది. పరాయి ఊళ్లో సొంతంగా వంట చేసుకునేటప్పుడు పెద్ద సైజు షర్టు చేతులు స్టవ్ మీద వేలాడకూడదు. కఫ్ గుండీ పెట్టినప్పుడు మణికట్టు దగ్గర ఒక వేలు పట్టేంత చోటుంటే చాలు. వంట చేసేటప్పుడు చేతులు మోచేతి పైకి మడుచుకోండి, లేదా షర్టు విప్పి పక్కన పెట్టండి.

కొన్న షర్టుకు ఏ ఆల్టరేషన్ చేయించాలన్నా ముందు రెండుసార్లు ఉతకండి, విదేశాలకెళ్లాక డ్రైయర్ వాడేవాళ్లయితే ఆ పని కూడా అయ్యాకే టేపు పట్టండి. ఇక్కడే చేయించుకుని వెళ్తామంటే చేతి పొడవును అర అంగుళం ఎక్కువే ఉంచమని టైలర్‌కు చెప్పండి.