పెన్ను రంగు మీరే చెప్పండి

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ,

మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. పక్కపక్కన పెట్టుకుని చదివితే నవ్వొచ్చింది, కోప్పడకండి. చిట్టితల్లీ, నీకు 19 నిండాయి. ఇంకో రెండంగుళాలు పెరగాలని రోజూ కడ్డీ పట్టుకుని వేలాడుతున్నావట. బుజ్జిగా, నీకు 13. "లెక్కలు నాకు రావు తాతయ్యా, ఒప్పేసుకున్నాను" అని పెద్దమనిషిలా రాశావు. అక్క రాయాల్సిన మాట నువ్వు రాశావు, నువ్వు పడాల్సిన కష్టం అక్క పడుతోంది.

నా సంగతి మీకు సగమే తెలుసు. తాతయ్యకి ఎరుపూ పచ్చా తేడా తెలియదని, చొక్కా ఎంచుకోవడానికి ఎవరో ఒకర్ని కేకేస్తాడని తెలుసు. ఒకప్పుడు రైలింజను నడపాలనుకున్నానని మాత్రం చెప్పలేదు. ఆ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో కానీ, 20 ఏళ్లొచ్చేసరికి వేరే ఉద్యోగం ఊహకి కూడా వచ్చేది కాదు. రాతపరీక్ష గట్టెక్కాను. కంటిపరీక్షలో చుక్కల పుస్తకం ముందు పెట్టారు. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాక్కుని ఉంటుంది, మామూలు కంటికి ఇట్టే దొరికిపోతుంది. నాకు చుక్కలే కనబడ్డాయి.

నేనేం చేశానో తెలుసా? అలాంటి పుస్తకమే ఒకటి సంపాదించి, ఏ పేజీలో ఏ అంకె ఉందో స్నేహితుడి చేత చెప్పించుకుని, ఎక్కాల్లా బట్టీపట్టాను. రెండోసారి వెళ్తే డాక్టరు పుస్తకాన్ని మధ్యలోంచి తెరిచాడు! నా దొంగతనం రెండో పేజీకే బయటపడింది. ఆయన తిట్టలేదు. "సిగ్నళ్లని బట్టీపట్టలేవు బాబూ" అన్నాడు.

కంట్లో రంగుల్ని పసిగట్టే కణాలు మూడు రకాలు. అందులో ఒక రకం నాకు పుట్టుకతోనే సరిగా లేదు. అది జన్యువుల్లో ఉన్న లోపం, చుక్కలమందుకీ కంటి వ్యాయామానికీ లొంగేది కాదు. ఈ మాట నాకు మొదటి రోజే చెప్పారు. వినబడ్డానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఎవరేం చెబితే అది చేశాను. పొద్దున్నే లేచి ఆకుల్నీ పువ్వుల్నీ కన్నార్పకుండా చూసేవాణ్ణి, చూసి చూసి కంటికి అలవాటవుతుందేమోనని.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ గురించి అప్పుడే చదివాను. ఆయనకీ ఇదే లోపం. దాచుకోలేదు సరికదా, తనకి ఏ రంగు ఎలా కనబడుతుందో 1794లో పండితుల సభలో వివరంగా చదివి వినిపించాడు. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండటమే కారణమని ఆయన నమ్మకం. తను పోయాక కళ్లు కోసి చూడమన్నాడు. 1844లో పోయాడు, చూశారు. ద్రవం నీళ్లలా తేటగా ఉంది. దాచి ఉంచిన ఆ కంటి ముక్కని 1995లో పరీక్షించి అసలు కారణం జన్యువుల్లో పట్టుకున్నారు. ఆయన అనుకున్నది తప్పే. అయినా నేను రెండేళ్లుగా "నాకే ఎందుకు" అంటున్న చోట, ఆయన "ఇది ఎందుకిలా" అని అడిగాడు. అది నా మనసుకి పట్టింది.

ఇంజన్ల మరమ్మతు పనిలో చేరాను. మొదటి ఏడాది ఇంజను కూత వినబడితే పని వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ణి. తర్వాత్తర్వాత, ఏ ఇంజనుకి బ్రేకులు పట్టేస్తున్నాయో కూత విని చెప్పలేకపోయినా, చేత్తో ముట్టుకుని చూస్తే చెప్పగలిగేవాణ్ణి. ఆ పని మీద ఇష్టం పెరిగింది. అలాగని పాత కోరిక చచ్చిపోలేదు. ఇప్పటికీ రైలు బయల్దేరుతుంటే కడుపులో ఏదో కదులుతుంది. ఒప్పుకున్నంత మాత్రాన నచ్చి తీరాలని ఎవరన్నారు?

ఇంకొకటి ఉంది, అది మాత్రం ఇంకా నా వల్ల కాలేదు. ఈ లోపం మగపిల్లలకి తల్లి నుంచే వస్తుందని 40 ఏళ్ల వయసులో ఎక్కడో చదివి, అమ్మకి చెప్పాను, కబురు చెప్పినట్టు. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే నా వల్లేనన్నమాట" అంది. కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆమె ముఖంలోంచి పోలేదు. ఇప్పుడు ఆమె లేదు. కళ్ల విషయం ఎప్పుడో సర్దుకుంది. ఆ సాయంత్రం మాత్రం నెలకోసారైనా గుర్తొచ్చి, నోరు మూసుకుని ఉంటే బావుండేది కదా అనిపిస్తుంది.

చిట్టితల్లీ, ఎముకలు పొడవు పెరిగేది వాటి చివర్లలో ఉండే మెత్తటి భాగం దగ్గర. ఎదిగే వయసు దాటాక అది గట్టిపడి మూసుకుపోతుంది. నీకు మూసుకుపోయిందో లేదో డాక్టరు ఒక ఎక్స్‌రే తీసి చెప్పేస్తారు. చూపించుకో. మూసుకుపోయిందంటే ఏడుపొస్తుంది, ఏడువు. కడ్డీ పట్టుకోవడం మానక్కర్లేదు, చేతులకి మంచిది. గోడ మీద పెన్సిలు గీతలు మాత్రం తుడిచెయ్యి.

బుజ్జిగా, నా కళ్లని తెలిసినవాళ్లు పరీక్షించి చెప్పారు. నీకు లెక్కలు రావని ఎవరు చెప్పారు? భిన్నాలు మొదలుపెట్టినప్పుడు నీకు జ్వరం, మూడు వారాలు బడికి వెళ్లలేదు. అక్కడ తెగిన దారం అక్కడే కట్టాలి. సెలవుల్లో నా దగ్గరికి రా, మొదటి నుంచి చేద్దాం. అప్పటికీ రాకపోతే ఇద్దరం కూర్చుని ఒప్పుకుందాం. ఇంకో మాట, బళ్లో ఎవరో రోజూ ఏడిపిస్తున్నారని చివర్లో ఒక ముక్క రాసి, "సర్దుకుపోతున్నాలే" అన్నావు. దానికి సర్దుకుపోవద్దు. ఈ రోజే అమ్మకి చెప్పు.

డబ్బాలో చేతికందిన పెన్నుతో రాసేశాను. ఎరుపో పచ్చో తెలియడం లేదు, అడుగుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. ఎరుపైతే కోపంగా రాశాననుకునేరు. ఏ రంగో జవాబులో రాయండి.

మీ
తాతయ్య