జీతంలో పట్టుకున్న టాక్స్ ఏమైంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేయడం నా పని. గుణుపురం, జయపురం, పర్లాకిమిడి నుంచి కూడా మన తెలుగువాళ్లు వస్తుంటారు. జూన్, జులై వచ్చిందంటే ఒకటే మాట: "మా కంపెనీవాళ్లు జీతంలో టాక్స్ పట్టుకున్నారు గానీ గవర్నమెంటుకు కట్టలేదండి." కొందరి అనుమానం నిజమే అవుతుంది. కొందరు తొందరపడి యజమానితో గొడవ పెట్టుకుంటారు. ఇంకొందరు భయపడి ఒకసారి పోయిన డబ్బునే మళ్లీ కడతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అపోహ: ఫారం 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన టాక్స్ చూపే పట్టికలో) కనబడలేదంటే యజమాని తినేసినట్టే.

ముందు తేదీ చూడండి. ఈ నెల జీతంలో పట్టుకున్న టాక్స్‌ను, అంటే టీడీఎస్‌ను, యజమాని వచ్చే నెల 7లోగా కట్టాలి; మార్చి నెలదైతే ఏప్రిల్ 30 దాకా గడువుంది. కానీ ఏ పాన్ నంబరుకు ఎంత అన్న వివరం మూడు నెలలకోసారి వేసే 24క్యూ స్టేట్‌మెంట్‌తోనే చేరుతుంది. జనవరి-మార్చి స్టేట్‌మెంట్‌కు మే 31 దాకా టైముంది. కాబట్టి ఏప్రిల్లో చూసి టెన్షన్ పడొద్దు. జూన్ 15లోగా ఫారం 16 (యజమాని ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్) మీ చేతికి రావాలి. ఆ తేదీ దాటాక కూడా లెక్క తేలకపోతే అడగాల్సిందే.

అపోహ: పే స్లిప్‌లో టాక్స్ అని ఉన్నదంతా టీడీఎస్సే.

ప్రొఫెషన్ టాక్స్ వేరు. ఒడిశాలో ఏడాది జీతం 3 లక్షలు దాటితే నెలకు 200, చివరి నెల 300, మొత్తం 2,500 పట్టుకుంటారు. అది రాష్ట్రానికి పోతుంది, 26ఏఎస్‌లో ఎప్పటికీ కనబడదు. పే స్లిప్పులకూ 26ఏఎస్‌కూ తేడా సరిగ్గా ఈ 2,500 అయితే అక్కడ మోసమేమీ లేదు.

అపోహ: హెడ్డాఫీసు విశాఖలో ఉంది కాబట్టి నా టాక్స్ ఆంధ్రాకి పోయింది.

టీడీఎస్ కేంద్రానిది. టాక్స్ పట్టుకునే యజమానికి ఇచ్చే టాన్ నంబరు వీపీఎన్‌తో మొదలైతే విశాఖపట్నం, బీబీఎన్‌తో మొదలైతే భువనేశ్వర్, అంతే తేడా. మీ లెక్క మీ పాన్ మీదే పడుతుంది. ఫిర్యాదు చేయాల్సి వస్తే మాత్రం ఆ టాన్ ఏ టీడీఎస్ అధికారి కింద ఉందో అక్కడికి వెళ్లాలి.

పేరు గురించి కూడా భయపడతారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర రాస్తారు. లెక్క జమయ్యేది పాన్ నంబరును బట్టి కాబట్టి పేరు అటూ ఇటూ అయినంత మాత్రాన డబ్బు పోదు. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే మాత్రం మీ టాక్స్ ఇంకొకరి ఖాతాలో పడొచ్చు. దాన్ని యజమాని కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి సరిచేయాలి, మీరు చేయలేరు.

అపోహ: యజమాని కట్టకపోతే ఆ టాక్స్ నేనే కట్టాలి.

కాదు. 1961 చట్టంలో 205వ సెక్షన్ ఇందుకే ఉంది. జీతంలో ఎంత పట్టుకున్నారో అంతవరకు ఆ పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్ 1న తన అధికారులకు ఇదే చెప్పింది, 2016 మార్చి 11న మళ్లీ గుర్తుచేసింది. అయితే ఒక తేడా గమనించండి. పట్టుకుని కట్టకపోతే తప్పు యజమానిది. అసలు పట్టుకోనే లేదంటే పన్ను మీరే కట్టాలి.

పట్టుకున్నారని నిరూపించాల్సింది మీరే. పన్నెండు నెలల పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, అపాయింట్‌మెంట్ లెటర్ దాచుకోండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద టైపు చేసిచ్చిన కాగితాన్ని ఫారం 16 అనుకోవద్దు. అసలైనది ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ వెబ్‌సైటు ట్రేసెస్ నుంచి దిగుతుంది, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది.

తర్వాత అకౌంటెంటుకు మెయిల్ పెట్టండి. ఫోన్ మాటకు రుజువుండదు. ఏ నెలలో ఎంత పట్టుకున్నారో రాసి, చలాన్ నంబరు, కట్టిన తేదీ, బీఎస్ఆర్ కోడ్ (కట్టిన బ్యాంకు బ్రాంచి నంబరు), 24క్యూ రసీదు నంబరు ఇమ్మనండి. కట్టింది నిజమైతే ఇవన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. మెయిల్ వెళ్లాక కరెక్షన్ వేసేసిన ఆఫీసులను చూశాను, అందుకే మొదటి రోజే ఫిర్యాదు చేయమని చెప్పను. అప్పటికీ కదలకపోతే టీడీఎస్ అధికారికి రాయండి. పట్టుకున్నది కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది. ప్రాసిక్యూషన్ దాకా వెళ్తే 276బి కింద జైలు కూడా పడొచ్చు.

మీరు మాత్రం రిటర్నులో పట్టుకున్న మొత్తాన్నే క్లెయిమ్ చేయండి. ఆ టాక్స్ కట్టమని డిమాండ్ నోటీసు రావచ్చు. వచ్చినప్పుడు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో డిమాండ్‌తో ఏకీభవించడం లేదని నమోదు చేసి, కాగితాలు జతచేయండి. జవాబివ్వకుండా వదిలేస్తే రేపు రావాల్సిన రీఫండును దానికి సర్దేసుకోవచ్చు.

అపోహ: ఫారం 16 వచ్చింది కాబట్టి రిటర్ను అక్కర్లేదు.

టీడీఎస్ వేరు, రిటర్ను వేరు. ఎక్కువ పట్టుకున్నది తిరిగి రావాలన్నా రిటర్నే దారి.

ఇంకొకటి. పని కోసమని కాంట్రాక్టరుకు పాన్ జిరాక్సు ఇచ్చి మర్చిపోతారు. తర్వాత ఎప్పుడూ పనిచేయని చోటి జీతం తమ పేరున చూపించి ఉంటుంది. పోర్టల్‌లో ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన ఆదాయాల వార్షిక పట్టిక) తెరిచి ఆ ఎంట్రీ దగ్గర అది మీది కాదని ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. అందులో టీడీఎస్ కనిపించినా దాన్ని క్లెయిమ్ చేయొద్దు.

పైన చెప్పిన సెక్షన్, ఫారం నంబర్లు పాత చట్టంలోవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి ఆ తర్వాతి జీతాలకు కొత్త నంబర్లు చూసుకోవాలి.